మొదటి వరుస మహిమ

మనుషుల్లో మర్యాద అడుగంటిపోయిందని వాపోయేవాళ్ళంతా ఒక్కసారి మా వీధి చివర కంటి ఆస్పత్రికి రావాలని నా మనవి. శుక్రవారం పొద్దున రండి. ఆపరేషన్లకు పేర్లు రాసే రోజది. కౌంటర్ తెరిచాక ఒక్కరూ ముందుకు తోసుకోరు. "మీరు కానివ్వండి", "అబ్బే, పెద్దవారు, మీరుండగా నేనా" అని ఒకర్నొకరు బతిమాలుకుంటారు!

ఈ సంస్కారం ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు? బడిలో నేర్పారా? ఇంట్లో పెద్దలు చెప్పారా? కాదు. ఒక ఫైలును డేటాబేస్‌లోకి ఎక్కించే పద్ధతి నేర్పింది. ఆ పద్ధతిని తిట్టిపోసేవాళ్ళున్నారు. నేను మాత్రం దానికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడుతున్నాను.

పద్ధతి చాలా సులువు. కింద కౌంటర్‌లో ఉండే అమ్మాయి వచ్చినవాళ్ళ పేరు, వయసు, ఏ కన్ను అన్నీ గళ్ళలో టైపు చేస్తుంది. సాయంత్రానికి దాన్ని మామూలు టెక్స్ట్ ఫైలుగా మార్చి పై అంతస్తుకు పంపుతుంది. మనిషికో లైను, వివరాల మధ్య కామాలు. పైన కంప్యూటర్ చూసే కుర్రాయన దాన్ని డేటాబేస్‌లోని టేబుల్‌లోకి ఎక్కిస్తాడు. టేబుల్‌లో ఉన్నవాళ్ళనే సోమవారం మైకులో పిలుస్తారు. లేనివాళ్ళు మళ్ళీ శుక్రవారం రావాలి.

ఎక్కించేటప్పుడు కంప్యూటర్ ఒక ప్రశ్న అడుగుతుందట. మొదటి లైనులో హెడింగులున్నాయా, దాన్ని వదిలేయమంటారా అని. ఆయన ఉద్యోగంలో చేరిన రోజున అవునని టిక్కు పెట్టాడు, అది అలాగే ఉండిపోయింది. అప్పట్లో నిజంగానే ఉండేవి. కౌంటర్ అమ్మాయేమో శుభ్రత గల మనిషి. ఏది పేరో ఏది వయసో చూస్తే తెలియదా, ఈ హెడింగులెందుకని ఆ లైను తీసి పారేసింది.

ఆమె చేసిందీ సబబే, ఆయన చేసిందీ సబబే. ఇద్దరి మధ్యా ఉన్నవి నాలుగు మెట్లు. ఆమె ఎక్కలేదు, ఆయన దిగలేదు. దాంతో వారం వారం మొదటి లైనులో ఉన్న మనిషిని కంప్యూటర్ హెడింగనుకుని వదిలేస్తూ వచ్చింది.

ఆ మనిషి మా అత్తగారు. అంతకుముందు వారాల్లో ఎవరెవరు పోయారో నాకు తెలియదు.

మా అత్తగారు కుట్టుమిషన్ తొక్కి సంసారాన్ని ఈదుకొచ్చిన మనిషి. బస్సు దగ్గరైనా, కొళాయి దగ్గరైనా అందరికన్నా ముందుండటం ఆవిడకు అలవాటు. కుడికంటికి పొర కమ్మేసింది. ఆమధ్య ఒకరోజు సూదిలో దారం ఎక్కించిపెట్టమని నన్ను అడిగారు. అడుగుతున్నప్పుడు ఆవిడ మొహం చిన్నబోయింది. నా మనసు చివుక్కుమంది.

వరసగా మూడు శుక్రవారాలు క్యూలో ఆవిడే ఫస్టు. మూడు సోమవారాలూ మైకు ఆవిడ ఊసెత్తలేదు. ఆ తర్వాతి వారానికి కిటుకేమిటో క్యూలో జనం కనిపెట్టేశారు. ఆవిణ్ణి చూడగానే లేచి దారి ఇచ్చారు. ఒకాయన కుర్చీ తెచ్చి మరీ ముందు వేశాడు! "ఎంత మంచివాళ్ళో చూశారా అల్లుడుగారూ!" అని ఆవిడ మురిసిపోయారు.

వెనక నిలబడమ్మా అని మా ఆవిడ బతిమాలింది. "అందరికంటే ముందొచ్చి వెనక నిలబడేదేంటే? నేనేం తప్పు చేశానని?" అన్నారు అత్తగారు.

నేనే పై అంతస్తు ఎక్కాను. ఆ కుర్రాయన మర్యాదస్తుడు. కుర్చీ వేసి, స్క్రీను నా వైపు తిప్పాడు. లోడ్ సక్సెస్‌ఫుల్, ఎర్రర్లు సున్నా అని ఉంది. "ఎర్రర్ వస్తే చూస్తాం సార్. మీ అత్తగారు ఎర్రర్ కాదు కదా" అన్నాడు. కాదని ఒప్పుకున్నాను. పెళ్ళయినప్పటినుంచీ ఆ మాట ఇంత గట్టిగా ఎవరి ముందూ అనలేదు.

"అయినా వారానికి ఒక్కరే కదండీ పోయేది" అన్నాడు. నిజమే! ఆ ఒక్కరూ మనింట్లో మనిషి కానప్పుడు అదేమంత సంఖ్య?

పైగా లాభాలు చూడండి. జనం చీకటితోనే లేచి ఉరుకులు పరుగుల మీద రావడం మానేశారు. ఎదురుగా ఉన్న టీకొట్టుకి గిరాకీ పెరిగింది. ముందు చేరకుండా తచ్చాడటానికి ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా! ఫస్టు ర్యాంకు కోసం కూతుర్ని కాల్చుకుతినే తండ్రి ఒకాయన, ఈ క్యూలో నిలబడ్డాక, ఫోనులో "సెకండొచ్చినా చాల్లేమ్మా" అనడం చెవులారా విన్నాను. ఇంత మార్పు ఏ ఉపన్యాసం తెచ్చింది?

చివరికి నా పోరు పడలేక కిందా పైనా ఇద్దరూ పద్ధతి దిద్దుకున్నారు. ఒకే శుక్రవారం, ఒకరికొకరు చెప్పుకోకుండా! కంప్యూటర్ మింగడానికి పనికొస్తాడని కౌంటర్ అమ్మాయి లిస్టు పైన ఒక ఉత్తుత్తి మనిషిని పెట్టింది. పేరు ఎక్స్‌వైజెడ్. గళ్ళు ఖాళీగా ఉంటే పైన తీసుకోదు గనక, కింది లైనులోంచి మా అత్తగారి వయసు, కుడికన్ను అలాగే దించేసింది. అదే సాయంత్రం పైన కుర్రాయన టిక్కు తీసేశాడు.

సోమవారం మైకు మోగింది. "ఎక్స్‌వైజెడ్ గారూ, థియేటర్‌కి రండి." ఎవరూ కదల్లేదు. మళ్ళీ పిలిచారు, మళ్ళీ పిలిచారు. మొదటివారి సంగతి తేలందే రెండోవారిని పిలవడానికి కంప్యూటర్ ఒప్పుకోదట. డాక్టరుగారు చేతులు కడుక్కుని కూర్చున్నారు. హాల్లో జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

మా అత్తగారు చేతిసంచి నా ఒళ్ళో పడేసి లేచారు. "నేనే" అన్నారు.

నర్సు కాగితం చూసింది. వయసు సరిపోయింది. కన్నూ సరిపోయింది. లోపలికి తీసుకెళ్ళింది. ఆవిడ బల్ల మీద ఉండగా మైకు ఆవిణ్ణి సొంత పేరుతో పిలిచి పిలిచి, రాలేదని రాసుకుంది.

కట్టు విప్పాక ఆవిడ చేసిన మొదటి పని సూదిలో దారం ఎక్కించడం. రెండో పని, నా మొహం చూసి "అంత నెరిసిపోయారేంటండీ!" అనడం.

నిన్న కౌంటర్ అమ్మాయి ఫోను చేసింది. "పోయినసారి పిలిస్తే మీ అత్తగారు రాలేదండీ. పెద్దావిడ కదా పాపం, ఈసారి మొదటి పేరు ఆవిడదే పెట్టాం" అంది. ఎడమకన్ను ఎలాగూ మిగిలే ఉంది. సంగతి అత్తగారికి చెప్పాను.

ఆవిడ పంటితో దారం తెంపారు.

"నా పేరు కొట్టేయమనండి అల్లుడుగారూ. ఆ ఎక్స్‌వైజెడ్ పేరు మీదే రాయించండి. అన్ని వారాలు అందరికన్నా ముందొచ్చి నిలబడ్డా నన్ను పిలిచినవాళ్ళు లేరు. ఆయన గడప తొక్కకపోయినా గారూ, గారూ అని పిలిచారు."