కోపం లేదని చెప్పడానికి నలభై మంది

ఆ ఉదయం గురవమ్మ అనుకున్నది చిన్న పనే. పదో తరగతి తల్లిదండ్రుల మీటింగుకు వెళ్ళి, సంతకం పెట్టి, పదింటికల్లా మిరప కోతకు చేరుకోవాలి. పల్నాడులో రెంటచింతల అవతల ఉన్న ఆ ఊరి బడికి రెండేళ్ళ తర్వాత లెక్కల మాస్టారు వచ్చాడు. పేరు కృష్ణచైతన్య, గోదావరి మనిషి. పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయి. ఆయన నిలిస్తేనే ఆమె కూతురు దుర్గ గట్టెక్కుతుంది.

మీటింగులో మాస్టారు హుషారుగా లేచాడు. "మా వైపు చుట్టం వస్తే కాఫీయా, టీయా అనడుగుతామండీ. పల్నాడులో కర్రా, కత్తా అనడుగుతారంట కదండీ. ఊరికే, సరదాకండీ."

ఫ్యాను మోతలో ఆ మాట ముందు వరసలో ఉన్న గురవమ్మకు తప్ప ఎవరికీ వినపడలేదు. ఆమె అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. రేపు ఇది ఎవడి చెవినో పడి, వాడు కోప్పడితే మాస్టారు పెట్టె సర్దుకుంటాడని ఆమెకు దడ పట్టుకుంది. మిరప కోత మానేసి ఇల్లిల్లూ తిరిగింది.

"మాస్టారు ఒక మాటన్నాడు. ఎవురూ కోప్పడబాకండి."

"ఏమన్నాడక్కా?"

చెప్పక తప్పలేదు. పదో ఇంటికొచ్చేసరికి జోకులో గొడ్డలి కూడా చేరింది.

మధ్యాహ్నానికి టీ కొట్టు దగ్గర ఊరు రెండుగా చీలింది. "జోకు చెప్తే నవ్వాల గానీ ఏడుస్తారంటయ్యా?" అన్నాడు ట్రాక్టరు మెకానిక్కు మీరా సాహెబ్. "నవ్వితే ఒప్పుకున్నట్టే" అన్నాడు సున్నపు బట్టీలో పని మానేసిన త్రికోటేశ్వరరావు. పల్నాడు వాళ్ళకి కోపం ఎక్కువా కాదా అన్న విషయం మీదే ఇద్దరూ ఒకరి కాలరు ఒకరు పట్టుకున్నారు.

గురవమ్మ మధ్యలో దూరింది. "అందరం పోయి, మాకేం కోపం లేదు సారూ అని చెప్పొద్దాం పదండి."

సాయంత్రం చేల నుంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టే మాస్టారి ఇంటికి బయల్దేరారు. కొడవళ్ళు ఇంట్లో పెట్టి వద్దామని ఎవరికీ తోచలేదు. గేదెలు తోలుకొచ్చినవాళ్ళ చేతుల్లో కర్రలున్నాయి. మొత్తం నలభై మంది.

కిటికీలోంచి చూసిన మాస్టారు తలుపు గడియ వేసి, మంచం అడ్డం పెట్టాడు.

"మాకేం కోపం లేదు, తలుపు తియ్యండి సారూ" అని అందరూ ఒక్కసారే అరిచారు.

"వెళ్ళిపోతానండీ. ఇదిగో, బదిలీకి అర్జీ రాసేస్తన్నానండీ" అని లోపలి నుంచి మాస్టారు కేకేశాడు. గురవమ్మ నెత్తి కొట్టుకుంది. కూతురి మాస్టారిని తన నోటితో తానే ఊరు దాటిస్తోంది.

మీరా సాహెబ్ సర్దిచెప్పడానికి పూనుకున్నాడు. "మీ జోకు బాగుంది సారూ. మాదీ ఒకటి ఇనండి. గోదారి మాస్టారు పాఠం మొదలెడితే ఒకటో ఎక్కానికి టిఫిను, రెండో ఎక్కానికి భోజనం, మూడో ఎక్కానికి కునుకంట. నాలుగో ఎక్కం వచ్చేలోపు రిటైరవుతాడంట. ఊరికే, సరదాకి."

జనం పగలబడి నవ్వారు. లోపల మంచం జరిపిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది.

"ఎవరండీ కునుకు తీసేది? మా గోదారోళ్ళాండీ?" మాస్టారు అర్జీని అందరి ముందే చించేశాడు. లుంగీ ఎగ్గట్టి అరుగు దిగాడు. "రేపట్నుంచి తెల్లారి అయిదింటికే క్లాసు. లెక్కల్లో ఒక్క పిల్ల తప్పినా మా ఊళ్ళో మొహం చూపించనండీ. ఇంకోసారి మావాళ్ళ మాటెత్తితే మర్యాదగా ఉండదండీ."

నలభై మందీ నాలుగడుగులు వెనక్కి వేశారు. గురవమ్మకు మాత్రం పోయిన ప్రాణం లేచొచ్చింది.

తిరిగి వస్తుంటే త్రికోటేశ్వరరావు దారి పొడవునా తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

"గోదారోళ్ళతో చానా జాగర్తగా మాట్లాడాల గురవమ్మా. కోపం ముక్కు మీదే ఉంటది వాళ్ళకి."