డూగల్ షెడ్డు, ఇష్బెల్ పుంజు

డూగల్‌కి కోపం రావడానికి కారణాలు అక్కర్లేదు. టీ వేడిగా ఉంటే నోరు కాలిందని కోపం, చల్లారితే తనని పట్టించుకునేవాళ్ళు లేరని కోపం. ఊళ్ళో అందరూ ఆయన్ని గోల డూగల్ అంటారు. ఆ పేరు ఎవడు పెట్టాడో తేల్చమని దానికో గోల. బస్సు నడిపినన్నాళ్ళూ ఆ కోపాన్ని ప్రయాణికులు తలా కాస్త పంచుకున్నారు. రిటైరయ్యాక మొత్తం పెళ్ళాం ఇష్బెల్ ఒక్కదాని వాటాకే వచ్చింది.

అయితే ఆ వారం మాత్రం ఆయన కోపానికి అసలు సిసలు కారణమే దొరికింది. పెళ్ళాం ఆయన షెడ్డు మీద కన్నేసింది.

ఇంటి వెనక చెక్క షెడ్డు అది. లోపల కుంగిపోయిన వాలుకుర్చీ, ఒక రేడియో, ఒక కెటిలు. గోడకి, చనిపోయిన మేనమామ వదిలిపెట్టిన రెండు చేతులతో పట్టుకునే పొడుగాటి గాలం కర్ర. రోజూ మధ్యాహ్నం “చేపల సామాను సర్దుకోవాలి” అంటూ వెళ్ళి, ఫుట్‌బాల్ వింటూ గుర్రుపెట్టేవాడు. ఈ భూమ్మీద ఆయన్ని తప్పుపట్టేవాళ్ళు లేని చోటు అదొక్కటే.

“నా కోళ్ళు వానకి నానిపోతున్నాయి. షెడ్డు ఖాళీ చెయ్యి” అంది ఇష్బెల్, గిన్నెలు తుడుస్తూ.

“కోళ్ళకా! నా షెడ్డా! అది చేపలు పట్టేవాడి షెడ్డే!”

“ఎవడయ్యా ఆ పట్టేవాడు? నాకూ చూపించు, ఒక దణ్ణం పెట్టుకుంటాను.”

“నేనే!”

“ఆ కర్ర ఎప్పుడైనా నీటి మొహం చూసిందా?”

“మొన్న పైకప్పు కారినప్పుడు చూసిందిగా!”

ఇష్బెల్ తుడుస్తున్న గిన్నె కింద పెట్టింది. “సరే అయితే. శనివారం వంతెన దగ్గర గాలం దారం విసరడం, అదే స్పే విసురు, నేర్పుతున్నారుగా, నువ్వూ వెళ్ళు. మూడింటికి నేను వంతెన మీదకొస్తాను. నీ దారం నదికి అడ్డంగా తిన్నగా పడిందా, షెడ్డు నీది. పడలేదా, నా కోళ్ళది.”

“పడుతుంది! పడి తీరుతుంది! ఈ నది ఒడ్డున పుట్టినవాణ్ణి!”

“ఈ ఒడ్డున గొర్రెలూ పుట్టాయి” అంది ఇష్బెల్, ఇంకో గిన్నె అందుకుంటూ.

ఇంత అవమానం భరించి ఊరుకునే మనిషా డూగల్? ఆ సాయంత్రమే పబ్బుకి వెళ్ళి మర్డో పక్కన కూలబడ్డాడు. ఆ నది మొత్తం మీద దారం విసరడంలో మర్డోని మించినవాడు లేడు, మాట్లాడకపోవడంలోనూ లేడు. పెళ్ళిలో ‘ఒప్పుకుంటున్నాను’ అనాల్సిన చోట కూడా తల ఊపి ఊరుకుని పాదిరిగారిని కంగారుపెట్టిన ఘనుడు.

“ఒరేయ్ మర్డో, శనివారం మూడింటికి నా కోటు, నా టోపీ నువ్వు వేసుకుని నదిలో నిలబడాలి. వంతెన మీంచి చూస్తే మొహాలేం తెలుస్తాయి? టోపీ తెలుస్తుంది, అంతే. దానికి ఇదిగో, ఈ సీసా నీది.”

మర్డో సీసా వంక చూశాడు. డూగల్ వంక చూశాడు. మళ్ళీ సీసా వంక చూసి తల ఊపాడు.

ఆ టోపీ సంగతి చెప్పాలి. ఇష్బెల్ స్వయంగా అల్లిన నారింజరంగు ఊలు టోపీ, నెత్తిన ఇంత ఊలు బంతి. పొరుగూరి నుంచి చూసినా డూగల్ వస్తున్నాడని తెలిసిపోతుంది. ఇన్నాళ్ళూ దాన్ని పెట్టుకోమన్నందుకు పెళ్ళాన్ని తిట్టుకున్నవాడు, ఇప్పుడు దాన్ని కళ్ళకద్దుకున్నాడు.

శనివారం పొద్దున నది దగ్గరికి వెళితే నేర్పేది ఎవరు? ఫినెల్లా. డెబ్బై దాటిన మనిషి, తన గాలం కర్రలాగే సన్నగా, నిటారుగా ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళందర్నీ వరసగా నిలబెట్టింది.

“ముందు చేతులు కట్టుకుని కాసేపు నదిని చూడండి” అంది.

“అరవై ఏళ్ళుగా చూస్తున్నానమ్మా! ఇవాళేమన్నా వెనక్కి పారుతోందా?” అన్నాడు డూగల్.

ఆవిడ పట్టించుకోలేదు. అందరికీ దారాలు సరిచేసి ఇచ్చింది. డూగల్ తన దారం చివర చూసుకుని అదిరిపడ్డాడు. గాలం లేదు. గాలం ఉండాల్సిన చోట చిటికెడు ఎర్ర ఊలు కట్టి ఉంది.

“ఇదేమిటి? గాలం ఏది?”

“మొదటిరోజు గాలం ఇస్తే సాయంత్రానికి సగంమందికి చెవులుండవు.”

“నేను చేపలు పట్టడానికొచ్చానా, స్వెట్టరు అల్లడానికొచ్చానా? ఊలు చూసి ఏ చేపైనా వస్తుందా? దానికేమన్నా చలేస్తోందా?”

వరసలో వాళ్ళు కిసుక్కున నవ్వారు. డూగల్‌కి ఒళ్ళు మండిపోయింది.

“వెనకంతా చెట్లే, కాబట్టి దారాన్ని వెనక్కి విసరకూడదు. పక్కన నీటి మీద కొస ఆనించి, భుజం వెనక సున్నాలా తిప్పి, ముందుకు కొట్టాలి” అంది ఫినెల్లా. “గాలి నది పారే దిక్కుకి, కిందికి వీస్తుంటే దారం మీకు కిందివైపునే ఉండాలి. ఎదురు దిక్కుకి, పైకి వీస్తుంటే పైవైపు. గాలి ఎటో చూసుకోకుండా విసిరారా, అది తిరిగొచ్చి మీకే తగులుతుంది.”

చంకల దాకా వచ్చే రబ్బరు లాగు తొడుక్కుని డూగల్ నీళ్ళలోకి దిగాడు. చన్నీళ్ళు మోకాళ్ళకి తగలగానే ఒకటి తిట్టాడు. లాగుకి చిల్లు ఉందని తెలిసి రెండోది తిట్టాడు. ‘ఇందులో ఏముంది, ఆ మర్డోకి సీసా దండగ’ అనుకుంటూ ఉన్న బలమంతా పెట్టి విసిరాడు.

గాలి పైకి వీస్తోంది. ఈయన దారం కిందివైపు ఉంది.

ఊలు వచ్చి చెవి మీద చెళ్ళున తగిలింది. దారం మెడ చుట్టూ ఒక చుట్టు, కర్ర చుట్టూ ఒక చుట్టు తిరిగి, మిగిలింది కాళ్ళ దగ్గర కుప్పపడింది. మళ్ళీ విసిరాడు. ఈసారి పక్కవాడి టోపీ నదిలో పడి సముద్రం వైపు బయల్దేరింది.

“ఈ కర్ర వంకర! ఈ గాలికి బుద్ధి లేదు! ఆ మేనమామ బతికున్నప్పుడు నాకు పైసా ఇవ్వలేదు, పోతూ పోతూ ఈ దరిద్రం అంటగట్టాడు!”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. కర్రనేం అనకండి డూగల్‌గారూ, మంచి కర్ర” అంది ఫినెల్లా, ఆయన్ని చిక్కులోంచి విప్పుతూ.

భోజనాల వేళకి ఆయన గొంతు నదికి రెండు వైపులా అందరికీ కంఠతా వచ్చేసింది. దారం మాత్రం ఒక్కసారీ తిన్నగా పడలేదు. వాలుకుర్చీలో కోడిపెట్ట కూర్చున్నట్టు కళ్ళముందు కనపడసాగింది. ఆ షెడ్డు పోతే మధ్యాహ్నాలు ఎక్కడికి పోవాలి? వంటింట్లో ఇష్బెల్ ఎదురుగా కూర్చుని ఆవిడ చెప్పేదంతా వినాలి కదా!

మూడు కావస్తుండగా పొదల చాటుకి వెళ్ళి కోటూ టోపీ మర్డోకి తగిలించాడు. మర్డో చప్పుడు చెయ్యకుండా నది మధ్యకి నడిచాడు. డూగల్ ఒడ్డున ఉన్న చెక్క గుడిసెలోకి దూరి, కిటికీలోంచి తొంగి చూశాడు.

వంతెన మీద ఇష్బెల్ ప్రత్యక్షమైంది. చేతిలో బుట్ట. నది మధ్యలో నారింజరంగు టోపీ అటు తిరిగి, ఇటు ఊగింది. దారం గాల్లో సున్నా చుట్టి, నదికి అడ్డంగా బారుగా పరుచుకుంది. మళ్ళీ మళ్ళీ అంతే. ఇష్బెల్ చెయ్యి ఊపింది. టోపీ కూడా చెయ్యి ఊపింది.

“అద్దీ లెక్క!” అని డూగల్ తొడ కొట్టుకున్నాడు. గుడిసెలో అందరికోసం పెట్టిన టీ ఒక కప్పు పోసుకుని, ఓట్స్ పిండితో చేసిన ఓట్‌కేక్ ఒకటి తీసుకుని దర్జాగా కూర్చున్నాడు. ఒక గుక్క తాగాడు.

“ఛీ! దీన్ని టీ అంటారా? ఎవడు కాచాడిది? నా రబ్బరు లాగులో కారిన నీళ్ళు ఇంతకన్నా నయం! ఈ ఓట్‌కేక్ ఏమిటి, చెప్పు అట్టలా ఉంది! చీజ్ ముక్కన్నా పెట్టరా? ఇదేం మర్యాద? మనుషులనుకున్నారా, గొర్రెలనుకున్నారా?”

గుడిసెలో ఇంకెవరూ లేరు. అయినా సరే, అన్యాయం అన్యాయమే. పావుగంట సేపు కడిగి పారేశాడు.

తర్వాత మర్డో వచ్చాక కోటూ టోపీ లాక్కుని, కాసిని నీళ్ళు మొహం మీద చిలకరించుకుని, అలసిపోయిన వీరుడిలా బయటికొచ్చాడు. అప్పటికే ఇష్బెల్ ఒడ్డున అందరి మధ్యా నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోంది.

“చూశారా మా ఆయన్ని! ఎంత ముచ్చటగా విసిరాడో!”

ఫినెల్లా ఆశ్చర్యంగా డూగల్ వంక చూసింది. పక్కన బోడితలతో నిలబడ్డ మర్డో వంక చూసింది. మర్డో ఆకాశం వంక చూశాడు. “ఓహో... చాలా బాగా విసిరారు” అంది ఫినెల్లా, నవ్వు ఆపుకుంటూ.

“అందుకే ఇవి తెచ్చాను” అంటూ ఇష్బెల్ బుట్టలోంచి ఒక గుప్పెడు ఈకలు తీసింది. పొడుగ్గా, సన్నగా, కంచురంగులో మెరుస్తున్నాయి.

అంతే. ఒడ్డున ఉన్నవాళ్ళంతా కర్రలు కింద పడేసి ఆవిడ చుట్టూ మూగారు. ఈకలతో కట్టే ఈ నది పాతకాలపు ఎరలకి అలాంటి పుంజు ఈకే కావాలి, అది దొరక్క ఏళ్ళుగా అల్లాడుతున్నారు. మర్డో అయితే ఈకని వేళ్ళతో దువ్వి, “అమ్మో!” అన్నాడు. ఆయన గొంతు విని ఇద్దరు ఉలిక్కిపడ్డారు.

“ఎక్కడిదమ్మా ఈ పుంజు?” అంది ఫినెల్లా.

“మా పెరట్లోదే. కానీ ఏం లాభం? గూడు కారి, వానకి తడిసి ఈకలన్నీ పాడవుతున్నాయి. పొడిగా ఉండే చోటు ఉంటే ఏడాది పొడుగునా మీ అందరికీ ఇచ్చేదాన్ని.” ఇష్బెల్ నిట్టూర్చింది. “పొడి చోటంటే మా ఆయన షెడ్డు ఒక్కటే. అది చేపలు పట్టేవాడి షెడ్డు కదా, అడగడం బాగుండదు.”

అందరి తలలూ డూగల్ వైపు తిరిగాయి.

“అడగాలా? ఇంత బాగా విసిరే మనిషి, మన ఈకలకి కాదంటారా?” అంది ఫినెల్లా. “పుంజుని కూడా ఆయనే చూసుకుంటారు. ఏమంటారు?”

డూగల్ లెక్క వేసుకున్నాడు. కాదంటే చేపల మనిషి కాదని తేలిపోతుంది, షెడ్డు కోళ్ళదవుతుంది. అవునంటే చేపల మనిషే, షెడ్డు పుంజుదవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. “దానికేముందీ... తప్పకుండా...” అని గొణిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికి నడుస్తుంటే దారిలో కోపం పొంగింది. “మాట తప్పావు! దారం తిన్నగా పడితే షెడ్డు నాదన్నావు! నీ కళ్ళతో చూశావుగా!”

“చూశాను. విన్నాను కూడా.”

“ఏం విన్నావు?”

“నది మధ్యలో నువ్వు అంతసేపు నోరు మూసుకుని నిలబడ్డావు. ఒక్క తిట్టు లేదు. మొదట నీకేదో ఒంట్లో బాలేదనుకుని హడలిపోయాను. ఇంతలో గుడిసెలోంచి వినపడింది, ‘దీన్ని టీ అంటారా’ అని. అప్పుడు ప్రాణం కుదుటపడింది.”

డూగల్ టోపీని చెవుల దాకా లాక్కున్నాడు. “మరి అక్కడే అందరి ముందూ ఎందుకు కడిగెయ్యలేదు?”

“అక్కడే కడిగేస్తే షెడ్డు ఒక్కటే వచ్చేది. ఇప్పుడు దాన్ని ఊడ్చే మనిషి కూడా వచ్చాడు” అంది ఇష్బెల్, ఖాళీ బుట్ట ఆయన చేతికిస్తూ. “ఆ టీ కాచింది కూడా నేనే. పొద్దునే ఇచ్చి పంపాను.”

మర్నాడు డూగల్ చీపురు పట్టుకుని షెడ్డులోకి వెళ్ళేసరికి వాలుకుర్చీలో పుంజు కూర్చుని ఉంది. లేవమన్నాడు, లేవలేదు. “ఎవడి కుర్చీ అనుకున్నావురా?” అని ఆయన గొంతు చించుకున్నాడు. పుంజు మెడ సాచి అంతకన్నా గట్టిగా కూసింది.

వంటింటి కిటికీ తెరుచుకుంది.

“డూగల్, ఇప్పుడు అరిచింది నువ్వా, పుంజా?”