గుర్తింపు పొందిన వీపు

అయ్యలారా, అమ్మలారా! కప్పింగ్ థెరపీని ఎగతాళి చేసేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. వీపు మీద గాజు కప్పులు బోర్లించి, లోపలి గాలి లాగేసి, చర్మాన్ని గారెల్లా పొంగిస్తారు. కప్పులు ఊడదీశాక నేరేడుపండు రంగులో గుండ్రటి మచ్చలు మిగులుతాయి. అవి మచ్చలనుకుంటున్నారా? పొరపాటు! అవి సర్టిఫికెట్లు!

నమ్మకం కుదరకపోతే, కోల్‌కతా వాట్‌గంజ్‌లో మా పక్కింటి ఎలీయాజరు సంగతి వినండి.

ఎలీయాజరు రేవు దగ్గర ఒక కాంట్రాక్టరు గోడౌన్‌లో బస్తాలు మోస్తాడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన వాళ్ల నాన్న కూడా అక్కడ బస్తాలే మోశాడు. ఆ కుటుంబంలో ఆస్తి కింద దిగివచ్చింది నడుంనొప్పి ఒక్కటే. పొద్దున్నే ఆయన మంచం మీంచి లేవాలంటే భార్య డోర్కాస్ ఒక చెయ్యి, కూతురు జూలియా ఒక చెయ్యి పట్టుకుని లాగాలి.

గోడౌన్ సూపర్‌వైజర్ దత్తబాబు. బెంగాలీ మనిషే గాని, మనవాళ్లతో పని చేయించీ చేయించీ తెలుగు పట్టేశాడు. ఎలీయాజరు తేలిక పని అడిగినప్పుడల్లా ఆయన కళ్లజోడు సవరించుకుని, వీపు చుట్టూ ప్రదక్షిణం చేసేవాడు.

"ఏటి ఎలీయా, నొప్పి ఎక్కడ? నాకు కనబడదే!"

న్యాయమైన ప్రశ్న! కనబడని నొప్పిని ఏ సూపర్‌వైజరు మాత్రం ఎలా నమ్ముతాడు?

చివరికి జూలియా తండ్రిని మెటియాబ్రుజ్‌లో కొత్తగా తెరిచిన కప్పింగ్ సెంటర్‌కు తీసుకెళ్లింది. ఇంటికొచ్చి చొక్కా విప్పగానే డోర్కాస్ గుండెలు బాదుకుంది.

"ఓలమ్మో, ఏటిది! నీ ఈపు మీద టీ గ్లాసులు గాని బోర్లించీసినారేటి?"

"అరవకే. ఇదే వైజ్జిం" అన్నాడు ఎలీయాజరు, బోర్లా పడుకుని.

నొప్పి తగ్గిందా అని అడుగుతున్నారా? అదేం ప్రశ్నండీ! వైద్యం గురించి మాట్లాడుతుంటే మధ్యలో నొప్పి గొడవెందుకు? అసలు ప్రయోజనాలు వినండి.

మర్నాడు కిక్కిరిసిన బస్సులో ఎలీయాజరు కాలరు పైన ఒక మచ్చ తొంగిచూసింది. కోల్‌కతాలో, ఆఫీసు టైములో, కూర్చున్న మనిషి లేచి "బోషున్ దాదా" అని సీటిచ్చాడు! ఆ పక్క మనిషి కూడా లేచాడు. మచ్చ ఎక్కడ అంటుకుంటుందోనని అనుకోండి. సీటు సీటే కదా!

గోడౌన్‌లో చొక్కా విప్పాడు. దత్తబాబు కళ్లజోడు జారింది.

"అయ్యబాబోయ్! ఎలీయా, ఇంత నొప్పి ఉంటే ఇన్నాళ్లూ చెప్పలేదేటి?"

ఆ పూటే ఎలీయాజరుకు కుర్చీ వేసి, బస్తాల కుట్లు సరిచూసే పని అప్పగించాడు. తండ్రీ కొడుకుల హయాంలో ఆ గోడౌన్‌లో వాళ్ల వంశం కూర్చోవడం అదే మొదలు.

ఇక ఆగుతారా జనం? కూలీల ముఠా మొత్తం మెటియాబ్రుజ్ ఆటోలెక్కింది. వారం తిరక్కుండానే గోడౌన్‌లో చొక్కాలు విప్పితే అలీపూర్ జూలో చిరుతపులుల బోను ముందు నిలబడ్డట్టుండేది. మా వీధి అమ్మన్నమ్మ, బస్సులో సీటు కోసం మెడ మీద ఒక్కటంటే ఒక్క కప్పు పెట్టించుకొచ్చింది. దత్తబాబు కూడా రూలు మార్చేశాడు. మచ్చ ఉంటే నొప్పి ఉన్నట్టు. లేకపోతే లేనట్టు. ఇంత సులువైన వైద్యశాస్త్రం ప్రపంచంలో ఎక్కడైనా ఉందా?

అలాంటి స్వర్ణయుగంలో ఒకరోజు పేర్చిన బస్తాల వరస కూలిపోయి, సుందర్ అనేవాడి భుజం మీద పడింది. కుర్రాడు కొత్తగా చేరాడు, కప్పుల మొహం ఎరగడు. చెయ్యి వేలాడేసుకుని, పళ్లు బిగబట్టి నిలబడ్డాడు. దత్తబాబు వచ్చి చొక్కా ఎత్తి చూశాడు. నున్నటి వీపు!

"మచ్చలేవి? నొప్పి ఎక్కడ? ఎత్తు బస్తా."

ఎలీయాజరు కుర్చీలోంచి లేచాడు. లేవడానికి కాస్త టైము పట్టింది.

"బాబూ, నా ఈపు మీదవి గాజు కప్పులు పెట్టిన మచ్చలు. నొప్పి అప్పుడూ ఉన్నాది, ఇప్పుడూ ఉన్నాది. కప్పులకీ దానికీ సంబందం నేదు. ఆ గుంటడి బుజం ఇరిగిపోనాది. ముందు ఆస్పత్రికి పంపించండి."

దత్తబాబు చాలాసేపు ఆలోచించాడు. ఆలోచించి, తెలివైనవాడు కాబట్టి, విషయం గ్రహించాడు.

"అంటే నీకు నొప్పి లేదన్నమాట! నువ్వూ ఎత్తు బస్తా."

ఎలీయాజరు బస్తా ఎత్తలేదు. సుందర్ రెండో చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిచాడు. వెనక ఒక్కొక్కరే బస్తాలు దించి, మచ్చల వీపులతో ముఠా అంతా కదిలింది. ఆస్పత్రిలో ఎముక విరిగిందని చెప్పి, మెడ నుంచి మోచేతి దాకా తెల్లగా పట్టీ వేశారు.

మర్నాడు సుందర్ సెలవు అడగడానికి వస్తే, దత్తబాబు ఆ పట్టీని తడిమి, తట్టి, ముచ్చటపడిపోయాడు.

"ఇదిరా నొప్పంటే! నిన్ననే ఇలా కట్టుకుని రావొచ్చు కదా?"