చేట దాటని రాయి

ఆ ఉదయం సోఫియా వేసుకున్న పథకం చాలా చిన్నది. వాకిట్లో ఎండలో కూర్చుని, భూతద్దంలో ఒక రాయిని చూసి, నాలుగు పేజీల వివరణ రాసి సాయంత్రానికి పంపేయాలి. రాయంటే మామూలు రాయి కాదు, దక్షిణ ధ్రువపు మంచులో దొరికిన ఉల్క. ఆకాశం నుంచి పడేటప్పుడు కాలి, పైనంతా నల్లటి పెంకు కట్టింది. విరిగిన మూలన మాత్రం బూడిదరంగు, అందులో చోడిగింజల్లాంటి గుండ్రటి పలుకులు. వాటిని బట్టే అది ఏ జాతి రాతి ఉల్కో తేల్చాలి. సెలవుల్లో అరకు దగ్గర తన ఊరికి పట్టుకెళ్తానంటే, ఆమెతో పరిశోధన చేయిస్తున్న జగన్నాథరావు సారు ఒప్పుకున్నారు గానీ, ఆ రాయి పోతే నువ్వూ తిరిగి రానక్కర్లేదమ్మా అని నవ్వకుండా చెప్పారు.

గ్రహచారం చాలక ఆ రాయి అచ్చం ఎండిన కాఫీపండులా ఉంది. వాకిట్లో టార్పాలిన్ మీద వాళ్లమ్మ సంతోషమ్మ కాఫీపళ్లు ఆరబోసింది. దాని అంచునే కాగితం పరిచి, రాయి పెట్టి, ఇంతలో సారు ఫోను చేస్తే సోఫియా సిగ్నలు కోసం గుట్టెక్కింది. సారు గంటన్నర మాట్లాడారు. దిగేసరికి మబ్బేసింది. సంతోషమ్మ కాఫీ ఎత్తి, చెరిగి, బస్తాలకు కుట్లు కూడా వేసేసింది. కాగితం కంచెకు చిక్కుకుని ఎగురుతోంది.

"అమ్మా, ఇక్కడ నల్లరాయి ఉండాలి, చూశావా?"

"ఉంటే ఏరి కంచవతల పడేసుంటాను. నా కాఫీలో రాయెలాగుంటాదే గుంటా?"

అదీ నిజమే. ముప్పై ఏళ్లుగా సంతోషమ్మ చేట దాటి ఒక్క రాయి బస్తాలోకి వెళ్లలేదని కాఫీ కొనే బుజ్జిబాబు ఊరూరా చెబుతాడు. ఆవిడకున్న ఆస్తి ఆ మాటే. చిక్కల్లా, ఆ ముప్పై ఏళ్లూ ఏరి పారేసిన రాళ్లన్నీ కంచె అవతల గుట్టగా పడున్నాయి.

ఉల్కలో ఇనుముంటుంది, అయస్కాంతానికి అంటుకుంటుంది. సోఫియా అయస్కాంతం పట్టుకుని ఆ రాళ్లగుట్ట ముందు కూలబడింది. పక్కింటి విల్సన్ మామకు జాలేసి, సోఫియాకు నల్లరాళ్లు కావాలి, బేగి తెండి అని చర్చి మైకులో చెప్పేశాడు. ఎందుకో, ఎంత రాయో మాత్రం చెప్పలేదు. గంటలో ఊరంతా దిగింది. ఒకావిడ సన్నికల్లు మోసుకొచ్చింది. యర్రయ్య పొయ్యిరాళ్లు పీక్కొచ్చి, అన్నం సగంలో ఉంది, చూసి ఇచ్చేయమన్నాడు. పక్కూరివాళ్లు ఆటో నిండా తెచ్చి రసీదు అడిగారు. సోఫియా ఎవరినీ నొప్పించలేక అన్నిటికీ అయస్కాంతం ఆనించింది. ఒక్కటీ అంటుకోలేదు.

మధ్యాహ్నం బుజ్జిబాబు జీపు వచ్చింది. బస్తాలు ఎక్కుతుంటే సోఫియాకు అసలు అనుమానం అప్పుడొచ్చింది. కానీ విప్పి వెతుకుదామనడమంటే ఇంతమందిలో అమ్మ పరువు తీయడమే. కన్నీళ్లు వచ్చేశాయి. సంతోషమ్మ కూతురి మొహం చూసింది, బస్తాల వంక చూసింది.

"దించీ బాబూ," అంది.

తనే కుట్లు తెంపి, కుమ్మరించి, చేట పట్టుకుని కూర్చుంది. మూడో బస్తాలో ఆవిడ చెయ్యి ఆగింది. ఒక పండును అరచేతిలో తూచినట్టు ఆడించి, కూతురికిచ్చింది. అయస్కాంతం టక్కున అంటుకుంది. సోఫియా అమ్మను కావలించుకుని ఏడ్చేసింది.

బుజ్జిబాబు మొహం మాత్రం చిన్నబోయింది. "ముప్పై ఏళ్లకి నీ బస్తాలోనూ రాయొచ్చిందా పిన్నీ?"

ఊరంతా తలలు దించుకుంది. సంతోషమ్మ తొణకలేదు. ఇదెక్కడి రాయే అని కూతుర్నే అడిగింది. ఆకాశానిదంది సోఫియా.

"ఇన్నావా బాబూ? ఈ బూమ్మీది రాయి ఒక్కటీ నా సేట దాటనేదు."

బుజ్జిబాబు బస్తాలు మళ్లీ నింపి ఎక్కించమన్నాడు. సోఫియా వివరణ సాయంత్రానికే వెళ్లింది. 'దొరికిన చోటు' అన్న దగ్గర దక్షిణ ధ్రువపు మంచు అని రాసింది గానీ, రెండోసారి దొరికిన చోటు ఊసెత్తలేదు.