చార్జింగు పాలైన సారె

పొద్దున్నే బయల్దేరి ఎండ ముదరకుండా తాడేపల్లిగూడెం చేరాలి. వర్జ్యం రాకముందే కూతురు నిహారిక ఒళ్లో అయిదో నెల చలిమిడి పెట్టాలి. వియ్యాలవారింట భోంచేసి, సాయంత్రానికి ఏలూరు తిరిగొచ్చి కొట్టు తీయాలి. బెల్లం వ్యాపారి శ్రీరంగనాయకులు వేసుకున్న పథకం ఇదీ. పథకంలో లోపం లేదు. లోపమంతా కారు దగ్గర వచ్చింది.

అది ప్లగ్గూ పెట్రోలూ రెండూ ఉన్న కారు. బ్యాటరీ ఉన్నంతసేపు కరెంటు మీద, అయిపోతే పెట్రోలు మీద నడుస్తుంది. ఆయన మాత్రం ట్యాంకులో పెట్రోలును బీరువాలో బంగారంలా చూసుకునేవారు: ఉండాలి, తీయకూడదు. దారిలో ఎక్కడైనా తక్కువ ధరకు చార్జింగు పెట్టుకోవచ్చని ఓ కంపెనీకి ఏడాది సభ్యత్వం కట్టారు. కట్టాక వాడుకోకపోతే నష్టమని ఆయన లెక్క. అందుకే ముందురోజు ఇంట్లో చార్జింగు పెట్టనే లేదు.

ఉంగుటూరు దగ్గరికి వచ్చేసరికి బ్యాటరీ అడుగంటింది.

"ట్యాంకు నిండా పెట్రోలుందిగా. పోనివ్వండి," అంది భార్య కుసుమకుమారి.

"సభ్యత్వం కట్టాం కదా కుసుమా."

"బస్సు పాసు కొన్నామని ఊరికే బస్సెక్కి తిరుగుతామాండీ?"

ఆవిడ కంగారు ఆవిడది. ఒళ్లో చలిమిడి గిన్నె, వెనక సీటు నిండా లడ్డూలు, కజ్జికాయలు, అరిసెల బుట్టలు. పెళ్లినాడు వియ్యపురాలు సత్యవతి పదిమందిలో ఓ మాటంది: "మీ ఏలూరు బుట్టలు పెద్దవేనండీ, అడుగే కాస్త పైకుంటుంది." ఆ మాట కుసుమకుమారికి ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది. అందుకే ఈసారి బుట్టలు పొర్లిపోయేలా నింపింది. సారె చూడ్డానికి సత్యవతి వీధి వీధంతా పిలిచిందని కబురు కూడా వచ్చింది.

చార్జింగు స్టేషన్లో ఉన్నది ఒకటే యంత్రం, దాని ముందు ఒకటే బండి పట్టే చోటు. త్వరగా కరెంటు ఎక్కించే గొట్టం ఈ కారుకు పట్టదు. పట్టేదేమో చుక్క చుక్కగా ఎక్కిస్తుంది. ఆయన ముందుగా డబ్బు కట్టి, గొట్టం తగిలించి, చెట్టునీడన నిలబడ్డారు.

కాసేపటికి పూర్తిగా కరెంటు మీదే నడిచే కారొకటి వచ్చి ఆగింది. కొల్లేరు వైపు చేపల చెరువులున్న మంగరాజు, ఆయన భార్య నాంచారమ్మ దిగారు.

"ఎంతసేపు పడుతుందండీ?"

"కొంచెమేనండీ," అన్నారు శ్రీరంగనాయకులు, తెర వైపు చూడకుండా.

మంగరాజు తెర వైపు చూశాడు. "మీ బండికి పెట్రోలు కూడా ఉంటుందటగా?"

"ఉందండీ. అది ఆపదకండీ."

"నాకిప్పుడు వచ్చింది ఆపద కాదంటారా?"

"డబ్బు ముందే కట్టేశానండీ. మధ్యలో తీస్తే మిగిలింది తిరిగి ఇవ్వరు."

"మా చెరువులో నీళ్లు చిలికే ఏరేటరు కూడా ఇంతసేపు తిరగదండీ," అంది నాంచారమ్మ.

కుసుమకుమారికి తల కొట్టేసినట్టయింది. బుట్ట విప్పి చెరో లడ్డూ ఇచ్చింది. ఇంతలో ఏసుకుమార్ అనే డ్రైవరు, విజయవాడ నుంచి కరెంటు ట్యాక్సీలో జనాన్ని వేసుకుని వచ్చాడు. వాళ్ల మొహాలూ మాడిపోయాయి. వాళ్లకీ లడ్డూలు వెళ్లాయి.

పసుపు కుంకుమ బొట్లు పెట్టిన కారు, తెరిచిన బుట్టలు, నిలబడి తింటున్న జనం. రోడ్డు మీద పోతున్న ఆటో ఒకటి ఆగింది. అందులోంచి ఒకావిడ తల బయటపెట్టింది.

"స్టేషను ఓపెనింగా అండీ?"

శ్రీరంగనాయకులు నోరు తెరిచేలోగా మంగరాజు అందుకున్నాడు. "అవునండీ, శెట్టిగారు పెట్టించారు. అందర్నీ తినిపించి గాని పంపనంటున్నారు. దిగండి, దిగండి!"

ఆటోలోని ఆడవాళ్లంతా దిగారు. వాళ్లను చూసి మోటారు సైకిళ్లు ఆగాయి. మోటారు సైకిళ్లను చూసి బస్సు నెమ్మదించింది.

"లేవని చెప్పెయ్ కుసుమా," అన్నారాయన పళ్లబిగువున.

"బిడ్డ పేరు మీద తీసిన బుట్టండీ. అడిగినవాళ్లకి లేదంటే మంచిది కాదు. మీరే గొట్టం తీసెయ్యండి."

"ఇంకా కొంచెం మిగిలిపోయిందే!"

ఆ కొంచెం ఎక్కేలోగా కజ్జికాయలు అయిపోయాయి. పిల్లల కోసమని ఒకావిడ అరిసెలు కొంగులో కట్టుకుంది. ఇంకో పెద్దాయన చేతులు తుడుచుకుని మెల్లగా దగ్గరికొచ్చి, "భోజనాలు ఎక్కడ పెట్టారండీ?" అనడిగాడు. బ్యాటరీ నిండిందని తెర చూపించేసరికి బుట్టల్లో అడుగు మాత్రమే ఉంది. ఈసారి అది పైకి లేదు, ఉండాల్సిన చోటే ఉంది.

"చార్జింగు సంగతెలా ఉన్నా అరిసెలు దివ్యంగా ఉన్నాయండీ," అంటూ మంగరాజు తన ఫోను నంబరిచ్చి, కారు ముందుకు తెచ్చుకున్నాడు.

గూడెం వరకూ కుసుమకుమారి ఖాళీ బుట్టలు సర్దుతూనే ఉంది. వర్జ్యం మాత్రం ఇంకా రాలేదు. గుమ్మంలో సత్యవతి, ఆమె వెనక వీధిలోని ఆడవాళ్లంతా. వియ్యపురాలు ఒక్కో ఖాళీ బుట్టా వంచి చూసింది. దాచి లాభం లేదని కుసుమకుమారి కళ్లు తుడుచుకుంటూ ఉన్నదంతా చెప్పేసింది.

సత్యవతి గుండెల మీద చెయ్యేసుకుంది. "బతికించారు వదినగారూ!"

"అదేంటండీ?"

"నిన్న పరీక్ష చేయిస్తే అమ్మాయికి షుగరు కనిపించిందండీ. తీపి కంటపడనివ్వద్దంది డాక్టరమ్మ. కంటపడితే ఇది ఊరుకుంటుందా? సారె తేవద్దని మీకు ఫోను చేస్తే ఎలా తీసుకుంటారో అని రాత్రంతా నిద్ర లేదు. చలిమిడి చిటికెడు నోట్లో పెట్టండి, చాలు." ఆవిడ వీధివాళ్ల వైపు తిరిగి గొంతు పెంచింది. "విన్నారా? మా కోడలి కడుపు చల్లగా ఉండాలని దారిన పోయేవాళ్లందరికీ పంచుకుంటూ వచ్చారు మా వియ్యాలవారు! ఎంతమంది చేస్తారు?"

"ఒక్క కజ్జికాయైనా మిగల్లేదా అమ్మా?" అంది నిహారిక నీరసంగా.

శ్రీరంగనాయకులు ఊపిరి పీల్చుకున్నారు. మీద పడాల్సిన అపవాదు పుణ్యం ఖాతాలోకి పోయింది. ఆయన వ్యాపారంలో ఇంత లాభం ఎప్పుడూ చూడలేదు.

అల్లుడు రవితేజ కారు చుట్టూ తిరిగి చూసి, "మామయ్యగారూ, ఇది ఇంట్లో మామూలు ప్లగ్గుకే ఎక్కుతుంది కదండీ? మాకు ఫోను చేస్తే వరండాలో తీగ వేసి ఉంచేవాణ్ణిగా?" అన్నాడు.

ఆయన చార్జింగు తీగ అల్లుడి చేతిలో పెట్టి భోజనానికి కూర్చున్నారు. ఆయన తింటున్నంతసేపూ కారు వియ్యాలవారి గోడకు తగులుకుని, పండక్కొచ్చిన అల్లుడిలా హాయిగా పడుకుంది.

సభ్యత్వంలో మిగిలిన నెలలు ఆ వారంలోనే మంగరాజుకు అమ్మేశారు. అరిసెలు మాత్రం కొనేవాళ్లే తెచ్చుకోవాలని ముందే చెప్పారు.