పద్దెనిమిది ముద్రల టర్బో

ఏప్రిల్ మొదటి శనివారం ఉదయం ఇగరాషి తెత్సురో వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి అన్నం, మిసో సూపు. ఎనిమిదిన్నరకు కారు మీద కప్పిన గుడ్డ తీయడం. పదింటికల్లా మెకానిక్ కువాబారా పెద్దాయన షెడ్డుకు వెళ్లి "ఫలానా టర్బో బిగించండి" అని ఒక్క ముక్క చెప్పడం. జపాన్‌లోని ఆ నాగావోకా ఊళ్లో డిసెంబరు మొదటి వారంలో మంచు మొదలవుతుంది. ఆ రోజు కారు మీద గుడ్డ కప్పితే మళ్లీ తీసేది ఏప్రిల్లోనే. ఈసారి ఆ నాలుగు నెలలూ తెత్సురో ఆలోచిస్తూనే ఉన్నాడు. ఆ ఒక్క ముక్కా గొంతు దాటి రాలేదు.

కారు ఇద్దరు పట్టే తెల్లది, ఇరవై రెండేళ్లది. దాని ఇంజను ఎంత చిన్నదంటే, పెద్ద మోటార్ సైకిళ్లు చూసి జాలిపడతాయి. అయినా నాలుగు సిలిండర్లు! పదేళ్లుగా తెత్సురో దానికి పిస్టన్లు మార్పించాడు, పొగగొట్టం మార్పించాడు, పిల్లల కోసం దాచిన ప్రేమంతా పిల్లలు లేని ఆ ఇంట్లో దాని మీదే కుమ్మరించాడు. ఇప్పుడు దాని టర్బో, అంటే ఇంజను వదిలిన పొగతోనే తిరుగుతూ ఇంజనుకే గాలి ఊదే చక్రం, అరిగిపోయి నీలం పొగ కక్కుతోంది. ఏప్రిల్ ముప్పైన ప్రభుత్వ తనిఖీ. అందులో తప్పితే కారు తుక్కు లారీ ఎక్కుతుందని, దాని చోట పక్కకు జరిగే తలుపులున్న డబ్బా కారు వస్తుందని భార్య మిసావో తేల్చి చెప్పింది. తెత్సురో ఒప్పుకున్నాడు కూడా. ఒప్పుకోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

టర్బోలు మూడు రకాలు. చిన్నది కాలు ఆనించగానే మేలుకుంటుంది, తొందరగా అలసిపోతుంది. పెద్దది చాలాసేపు నిద్రపోయి, లేచిందంటే వీరంగం వేస్తుంది. మధ్యది మధ్యగా ఉంటుంది. తెత్సురో మనసు చిన్నదాని మీదే ఉంది. కానీ అతను నీళ్ల శాఖలో ఇరవై ఒక్క ఏళ్లుగా ఉద్యోగి. అక్కడ గోడకు మేకు కొట్టాలన్నా ఒక కాగితం రాసి, ఆరుగురి చేత ఎర్ర సిరా ముద్రలు వేయించాలి. సొంతంగా నిర్ణయం తీసుకోవడమంటే అతనికి నడివీధిలో లుంగీ జారినంత సిగ్గు.

అందుకని ఆ ఉదయం అతను ఆఫీసు పద్ధతిలో కాగితం తయారు చేశాడు. "టర్బో ఎంపిక గురించి: చిన్నది, మధ్యది, పెద్దది. మీ అభిప్రాయం చూపే గడిలో ముద్ర వేయ ప్రార్థన." కార్లపిచ్చి ఉన్న ముగ్గురు మిత్రులకు పంపి, వాళ్ల ముద్రలు పడ్డాక ధైర్యంగా షెడ్డుకు వెళ్లాలని ఆలోచన. చివర్లో "ఏదీ వద్దు" అనే గడి కూడా గీశాడు. ఆ గడి లేని కాగితం కాగితమే కాదు. బల్ల నిండా గిన్నెలు ఉండడంతో, పక్కనే ఉన్న వీధి సంఘం అట్టపలక క్లిప్పుకు కాగితం పెట్టి రాశాడు. రాసి, గుడ్డ తీయడానికి బయటికి వెళ్లాడు.

తిరిగి వచ్చేసరికి పలక లేదు.

"మిసావో! ఇక్కడ పలక ఉండాలే?"

"హోషినో బామ్మగారికి ఇచ్చేశాను. మన ముద్ర కూడా వేశాను. మొన్నటి నుంచి మనింట్లోనే పడి మూలుగుతోంది, నలుగురూ ఏమనుకుంటారు?"

"దాని మీద నా కాగితం ఉంది!"

"పలక మీదున్నవన్నీ పలకవే కదండీ" అంది మిసావో, గిన్నెలు తీస్తూ.

ఆ వీధిలో పద్దెనిమిది ఇళ్లు. పలక ఇంటింటికీ తిరుగుతుంది. ఏ రోజు ఏ చెత్త బయట పెట్టాలో, ఎవరింట్లో ఎవరు పోయారో దాని మీదే వస్తుంది. చదవడం ఎవరిష్టం వాళ్లది, ముద్ర మాత్రం తప్పదు. తెత్సురో ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే పరుగెత్తాడు.

ఎనభై ఒక్క ఏళ్ల హోషినో బామ్మ గుమ్మంలోనే ఎదురైంది. "రా నాయనా, నీ గురించే అనుకుంటున్నా. పెద్దదానికే వేశాను."

"బామ్మగారూ, అసలు ఆ కాగితం..."

"మా ఆయన ఫ్రిజ్జు చిన్నది కొని పదిహేనేళ్లు ఏడిపించాడు. కొనేటప్పుడే పెద్దది కొనుక్కో. నీ కారుదే కదా అది, పొగ కక్కేది? నాకంతా తెలుసులే." బామ్మ గొంతు కొంచెం తగ్గించింది. "ఒక్క మాట చెప్పనా? ఆయన పోయాక ఈ తొమ్మిదేళ్లలో నన్ను ఒక విషయంలో సలహా అడిగినవాడివి నువ్వొక్కడివే."

పొరపాటున వచ్చిందని చెప్పడానికి నోరు తెరిచాడు. అందులోంచి "చాలా సంతోషం బామ్మగారూ" అన్న మాట వచ్చింది. పలక అప్పటికే పక్కింటికి వెళ్లిపోయింది. చెత్త నోటీసయితే ఒక్కో ఇంట్లో రెండేసి రోజులు కునుకు తీసే పలక, ఆ రోజు కాళ్లొచ్చినట్టు పరుగెత్తింది. ప్రతి ఇంటి నుంచీ అది అప్పుడే వెళ్లిపోయింది. ప్రతి ఇంట్లోనూ తెత్సురోకు టీ, ఉప్పులో ఊరేసిన ముల్లంగి దక్కాయి. ఐదో ఇంటికొచ్చేసరికి అతనికి నిజం చెప్పే ఓపిక పోయింది, ఏడో ఇంటికి ముల్లంగి తినే ఓపికా పోయింది.

ఆదివారం పొద్దున్నే వీధి సంఘం అధ్యక్షుడు సెకిహారా కోటు వేసుకుని, టై కట్టుకుని పలకతో వచ్చాడు. తెత్సురో మిత్రుల కోసం గీసిన గళ్ల వరుసలు మూడే. మిగతావి ఎవరో స్కేలు పెట్టి ముచ్చటగా గీశారు.

"పెద్దదానికి పన్నెండు, మధ్యదానికి మూడు, చిన్నదానికి రెండు, ఏదీ వద్దని ఒకటి" అని చదివాడు సెకిహారా. "సంఘం చరిత్రలో ఒక్క ఇల్లు కూడా బాకీ లేకుండా ముద్రలు పడడం ఇదే మొదటిసారి ఇగరాషి గారూ. సొంత కారు విషయం కూడా వీధికి చెప్పి చేసే మనిషి ఈ రోజుల్లో ఎక్కడున్నాడు?"

మొదటి ముద్ర పొరపాటంటే పద్దెనిమిదో ముద్ర కూడా పొరపాటనాలి. ఆ ముద్ర ఎదురుగా కోటు వేసుకుని కూర్చున్న ఈ పెద్దమనిషిది. తెత్సురో నడుం వంచి నమస్కరించాడు. లోపల మాత్రం అతని కారు అతన్ని వదిలి వెళ్లిపోతున్నట్టే అనిపించింది.

ఇక మిగిలిన ఆశ కువాబారా ఒక్కడే. డెబ్బై ఏళ్ల ఆ మెకానిక్ మొండితనం జిల్లా అంతటికీ తెలుసు. ఇష్టం లేని పని చేయమన్న కారువాళ్లను స్పానరుతో తరిమిన చరిత్ర ఉంది.

"పెద్దదా? నీకేమైనా పిచ్చా?" అన్నాడు కువాబారా. "ఇంజను నిమిషానికి ఆరువేల చుట్లు తిరిగేదాకా పడుకుంటుంది. ఆ తర్వాత లేస్తే ఆపడం నీ తరమా నా తరమా? ఈ ఇంజనుకు చిన్నదే. పో!"

తెత్సురోకు ప్రాణం లేచివచ్చింది. "అదే నేనూ అనుకున్నానండీ! కాకపోతే వీధివాళ్లు..." అంటూ కాగితం చూపించాడు. చూపించకుండా ఉండాల్సింది. కువాబారా కళ్లజోడు సర్దుకుని అడుగున ఉన్న ముద్ర చూశాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు.

"సెకిహారా గారి ముద్రా?"

"మీకు తెలుసా?"

"హైస్కూల్లో నాకంటే రెండేళ్లు పెద్ద. మా బేస్‌బాల్ జట్టు నాయకుడు. ఆయన బూట్లు నేనే తుడిచేవాణ్ణి." పెద్దాయన తువ్వాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పెద్దదే పెడతాను. నన్నేమీ అడక్కు."

ఏప్రిల్ ఆఖరి ఆదివారం వీధంతా చూడడానికి వచ్చింది. పొగ మాయమైంది. తనిఖీకి ఇంకా మూడు రోజులున్నాయి. ఈ మూడు రోజులూ మెల్లగా నడిపితే గండం గట్టెక్కుతుందని తెత్సురో లెక్క. కానీ మొదటి సవారీ హక్కు వయసులో పెద్దావిడదని అధ్యక్షుడు ప్రకటించాడు. హోషినో బామ్మ టోపీ పెట్టుకుని, ఒళ్లో సంచీతో ఎక్కి కూర్చుంది.

టర్బో నిద్రపోతూనే ఉంది. కారు నడిచి వస్తున్న జనం పక్కనే నడిచింది. ఒక సైకిలు గంట కొట్టి మరీ దాటిపోయింది.

"ఎప్పుడు మొదలవుతుంది నాయనా?" అంది బామ్మ.

"ఇదేనండీ, మొదలైంది."

"ఇదా? దీనికా నేను ముద్ర వేసింది?" బామ్మ మొహం వాడిపోయింది. తొమ్మిదేళ్లలో ఇచ్చిన ఏకైక సలహా అది.

తెత్సురో ఆ మొహం చూడలేకపోయాడు. షినానో నది గట్టు ఎక్కే వాలులో గేరు తగ్గించి, కాలు నిండా తొక్కాడు. నాలుగువేలు. ఐదువేలు. ఆరువేలు. టర్బో లేచింది. బామ్మ టోపీ కిటికీలోంచి నది వైపు వెళ్లింది. బామ్మ కెవ్వున నవ్వింది. ఆ నవ్వు సరిగ్గా నాలుగు సెకన్లు సాగింది. తర్వాత ఇంజనులోంచి సుత్తితో కొట్టిన చప్పుడు వచ్చింది, తెల్లని పొగ గట్టునంతా కప్పేసింది.

"పిస్టను కరిగింది" అన్నాడు కువాబారా, వచ్చి చూసి. ఇంకేమీ అనలేదు. సెకిహారా పక్కనే ఉన్నాడు మరి.

మే ఒకటిన తుక్కు లారీ వచ్చింది. ఫోను చేసింది మిసావోనే. తెత్సురో అభ్యంతరం చెప్పలేదు. గుడ్డతో కారు అద్దం తుడుస్తూ ఉండిపోయాడు. పోయేదానికి అద్దం ఎందుకని మిసావో అడగబోయి, అతని కళ్లు చూసి మానేసింది. డ్రైవరు గొలుసు తగిలించేలోగా వీధి చివర జనం కనిపించారు. పెద్దదానికి ముద్ర వేసిన పన్నెండు ఇళ్లవాళ్లూ వరుసగా, చేతుల్లో మిఠాయి పెట్టెలతో, తలలు వంచుకుని వస్తున్నారు. ముందు సెకిహారా, వెనకే బామ్మ.

"తప్పు మాది" అన్నాడు సెకిహారా, నడుం వంచి. "నిర్ణయం వీధిది, కాబట్టి ఇంజను బాగు చేయించే బాధ్యతా వీధిదే. ఈసారి చిన్న టర్బోనే. నిన్న మీ ఇల్లు తప్ప అన్ని ఇళ్లకూ పలక తిప్పి తీర్మానించాం. వీధి తీర్మానం ఉండగా కారు తుక్కుకు వెళ్లడానికి వీల్లేదు."

లారీ డ్రైవరు గొలుసు విప్పేశాడు. తెత్సురో అద్దం తుడవడం ఆపేశాడు. చిన్నదా? తాను అడగలేకపోయిన చిన్నదా?

"ఇంకొక్క మాట" అన్నాడు సెకిహారా. "ఏదీ వద్దని ఒకే ఒక్క ఇల్లు ముందే హెచ్చరించింది. ఎవరా అని నిన్న ముద్ర పోల్చి చూశాం. మీ ఇంటిదే! కీడు ముందే తెలిసి కూడా నోరెత్తకుండా మా మాటకు కట్టుబడ్డారు. మీ వినయానికి మా జోహార్లు."

వీధంతా మళ్లీ నడుం వంచింది. తెత్సురో మెల్లగా భార్య వైపు తిరిగాడు. ఏప్రిల్ మొదటి శనివారం ఉదయమే కాగితం చదివి, వీధంతా తనలాగే "వద్దు" అంటుందని నమ్మి పలక పంపిన మిసావో, లోపలికి వెళ్లి పన్నెండు ఇళ్లకూ టీ పెట్టింది. ఎంత కోపం వచ్చినా వీధి తీర్మానానికి ఎదురు చెప్పే ధైర్యం ఆమెకూ లేదు.

ఆగస్టులో కారు తనిఖీలో నెగ్గి ఇంటికి వచ్చింది. చిన్న టర్బో కాలు ఆనించగానే పిల్లిపిల్లలా మేలుకుంది. షెడ్డు నుంచి ఇంటి దాకా ఉన్న ఆరు కిలోమీటర్లూ తెత్సురో ఏడుస్తూ, నవ్వుతూ నడిపాడు. గుమ్మంలో పలక ఎదురుచూస్తోంది. అతను అలవాటు ప్రకారం ముందు ముద్ర వేసి, తర్వాత చదివాడు. వీధి బాగు చేయించిన కారు కాబట్టి ఇక మీదట ఆదివారానికో ఇంటి వంతట. ఆగస్టు నాలుగో ఆదివారం హోషినో బామ్మ, వేడినీళ్ల స్నానశాలకు. ఆపైన వరుసగా మిగతా ఇళ్లు. కారు యజమాని మర్యాదస్తుడు కనుక అందరికంటే చివర.

ఇగరాషి ఇంటి వంతు డిసెంబరు మూడో ఆదివారం, మంచు పడి కారు మీద గుడ్డ కప్పిన రెండు వారాలకు.