దేవరాజ్ ఎడమ బూటు

ఆ పొద్దున దేవరాజ్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. స్నానం చేయడం, దోసె తినడం, బూట్లు తొడుక్కుని కింద కొట్లో కూర్చోవడం. ఇందులో చెడిపోవడానికి ఏముంది అనిపిస్తుంది. చెడింది బూట్ల దగ్గరే.

నగర్తపేటలో వాళ్ళ ఇల్లు పైన, కొట్టు కింద. తోలు బూట్లు చేత్తో కుట్టి అమ్మే కొట్టు అది. దేవరాజ్ కోపం ఆ వీధికంతా తెలుసు. పొద్దున్నే కొలతలివ్వడానికి వచ్చినవాణ్ణి, "పొద్దున కాలు వేరే, సాయంత్రం కాలు వేరేనప్పా! తిరిగి తిరిగి కాలు వాచినాక రా, అప్పుడు కొలుస్తా" అని తరిమేస్తాడు. బూట్లు ఎండలో ఆరబెట్టానన్నవాడితో ఆ జన్మలో మాట్లాడడు. వచ్చినవాళ్ళనల్లా ఇట్లా తరిమితే కొట్టెలా నడుస్తుంది? నడవడం లేదు. మొబైల్ కవర్లు అమ్మేవాడొకడు ఆ చోటు తనకిమ్మని వచ్చి అడిగి పోతూనే ఉన్నాడు.

ఆ రోజు బెళ్ళందూరు నుంచి అర్చన వస్తానంది. అక్కడ ఆమెకు బూట్లమ్మే పెద్ద షోరూము ఉంది. "కొత్తవి వద్దు అంకుల్, బాగా వాడిన పెయిర్ చూపించండి. మీ లెదర్ ఎలా ఏజ్ అవుతుందో చూసి ఆర్డర్ ఇస్తాను" అంది. దేవరాజ్ పొంగిపోయాడు. ఈ ఆర్డరు వస్తే కొట్టు నిలుస్తుంది, లేకపోతే మొబైల్ కవర్లే. చూపించడానికి తన సొంత జత ఉండనే ఉంది. రెండేళ్ళుగా రోజు విడిచి రోజు తొడిగి, విప్పగానే లోపల కొయ్య అచ్చు పెట్టి, గుర్రపు వెంట్రుకల బ్రష్షుతో దుమ్ము దులిపి, నీడపట్టున ఆరబెట్టి, కన్నబిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నాడు. మెరిసే పాలిష్ జోలికి మాత్రం పోలేదు. గోధుమ రంగు తోలు ముదిరి ముదిరి పాత చింతపండు రంగుకొచ్చింది.

తోలు వస్తువు గడప దాటకూడదని అతని తల్లి కదిరమ్మ శాసనం. అందుకని ఆ బూట్లు బయట మెట్ల మీదే ఉంటాయి. ఆ పొద్దున చూస్తే కుడి బూటు ఒక్కటే ఉంది.

అనుమానం వీధికుక్క మీదికి పోయింది. పాపం, దాన్ని సందు చివరిదాకా తరిమి రొప్పుతూ తిరిగొచ్చాడు. కదిరమ్మ మెట్టు మీద కూర్చుని తమలపాకు తుడుచుకుంటోంది.

"పొద్దున్నే ఎవర్నిరా తిడతాండావు?"

"నా ఎడమ బూటు యాడమ్మా?"

"అదా! తెల్లారకముందే సుధీర్ కొత్త టెంపోకు కట్టినా. బండి పూజంటే దిష్టికి పాత చెప్పు కట్టల్ల కదా? ఇంట్లో అంత పాతది ఇంకొకటి కనపళ్ళా. నిమ్మకాయ కోసి, కుంకుమద్ది, దాని మీదనే పిండినా."

"అది పాతదా! అమ్మా, అది..."

"నల్లబడి, ముడతలు పడి ఉండాది. బూట్లు అమ్మేటోడివి, మంచివి వేసుకోరాదా? చూసినోళ్ళు నవ్వుతారు."

కోపం రాదూ మరి! దేవరాజ్ వెంటనే తమ్ముడు సుధీర్‌కు ఫోన్ చేశాడు. అతను అప్పటికే ఊరి చివర పీణ్యలో లోడు దించుతున్నాడు.

"ఇప్పుడే ఆ బూటు విప్పరా!"

"పూజ చేసి కట్టింది విప్పితే నా బండికి ఏమన్నా అయితే? ఒక పాత బూటుకు ఇంత గలాటానా అన్నా?" అని సుధీర్ ఫోన్ పెట్టేశాడు.

పాత అన్న మాట మళ్ళీ వినేసరికి దేవరాజ్‌కు ఒళ్ళు మండిపోయింది. కుడికాలికి బూటు, ఎడమకాలికి రబ్బరు చెప్పు తగిలించుకుని ఆటో ఎక్కాడు. నవ్వకండి, ఆ సమయంలో మీరైనా అంతే చేస్తారు.

పీణ్య సిగ్నల్ దగ్గర టెంపో ఆగి ఉంది. ముందు బంపరుకు, మిరపకాయల దండ పక్కన, అతని రెండేళ్ళ తపస్సు కుంకుమ పూసుకుని తలకిందులుగా వేలాడుతోంది. దేవరాజ్ ఆటోలోంచి దూకాడు. చెప్పు ఊడిపోయింది. ఒంటి బూటుతో పరుగు సాగక, దాన్నీ విప్పి చేత్తో ఎత్తి పట్టుకుని, "నిలుపురా బండి!" అని అరుస్తూ ఉరికాడు.

చూసినవాళ్ళకు ఏం కనిపిస్తుంది? డ్రైవర్ని బూటుతో కొట్టబోతున్న మనిషి. నలుగురూ పట్టుకున్నారు. సుధీర్‌కూ అదే కనిపించింది. పచ్చ లైటు పడగానే మురుగు గుంటలోంచి బండిని దూకించి పారిపోయాడు. ఆ గుంటలో ముందు మునిగింది బూటే.

"ఎందుకప్పా ఆ డ్రైవర్ని కొట్టేది?" అన్నాడు పట్టుకున్నవాళ్ళలో ఒక పెద్దాయన.

"వాడు నా తమ్ముడు! వదలండి! నా సొత్తు వాడి దగ్గర ఉండాది!"

అంతే, అది ఆస్తి తగాదా అయిపోయింది. పెద్దోడివి నువ్వే తగ్గల్ల అని ఒకడు, వకీలును పెట్టుకో అని ఇంకొకడు.

"మీ అమ్మ ఏమంటాది?" అని అడిగాడు పెద్దాయన.

"ఇదంతా చేసిందే ఆమె!" అని అరిచాడు దేవరాజ్. కన్నతల్లినే అంటాడా అని జనమంతా తమ్ముడి వైపు చేరిపోయారు. సరిగ్గా అప్పుడే అర్చన ఫోన్ చేసింది.

"అంకుల్, షాప్‌కి వచ్చేశాను. మీ అమ్మగారు కాఫీ ఇచ్చారు. నిదానంగా రండి."

ఉత్త కాళ్ళతో, చేతిలో కుడి బూటుతో దేవరాజ్ ఇల్లు చేరేసరికి కొట్టు ముందు టెంపో ఉంది. అన్న భయానికి సుధీర్ నేరుగా వచ్చేసి, బూటు విప్పి తల్లికిచ్చి, ఆమె వెనక నిలబడ్డాడు. ఆ బూటిప్పుడు అర్చన ఒళ్ళో ఉంది. నిమ్మరసం తెల్లమచ్చలు, కుంకుమ చారలు, తాడు ఒరిపిళ్ళు, పైన పీణ్య మురుగు. దేవరాజ్‌కు కళ్ళనీళ్ళు తిరిగాయి. కొట్టు పోయిందనే అనుకున్నాడు.

అర్చన అతని చేతిలోని కుడి బూటు కూడా తీసుకుని రెండూ పక్కపక్కన పెట్టి చూసింది.

"రైట్‌ది మరీ నీట్‌గా ఉంది అంకుల్, కొత్తదాన్లా. లెఫ్ట్‌దే సూపర్! ఇన్ని పడినా ఒక్క కుట్టు ఊడలేదు. అన్ని పెయిర్లూ ఇదే ఫినిష్‌లో కావాలి. ఎలా చేశారిది?"

బ్రష్షు గురించి, నీడ గురించి, రెండేళ్ళ గురించి అరవడానికి దేవరాజ్ నోరు తెరిచాడు. కదిరమ్మ ముందే అందుకుంది.

"నేనే చేసినానమ్మా. ఎన్ని జతలు కావల్ల?"

మొబైల్ కవర్లవాడు ఇప్పుడు రావడం లేదు. సుధీర్ టెంపో రోజూ ముందర బూట్ల గుత్తితో పీణ్యకు పోయి వస్తుంది. దేవరాజ్ పళ్ళు కొరుక్కుంటూ కుడతాడు, కదిరమ్మ నిమ్మకాయ పిండి కడుతుంది, ఏ గుంటలో దింపాలో కూడా ఆమే చెబుతుంది.

గడప మాత్రం వాటిని ఇప్పటికీ దాటనివ్వదు.